నూరు పంక్తుల హద్దు

కంప్యూటర్ యంత్రభాగాలకూ వాటిపై నడిచే ప్రోగ్రాములకూ నడుమ నిలిచి పని జరిపించే మూల సాఫ్ట్‌వేర్ అయిన లినక్స్ కెర్నెల్ రెండు పాయలుగా సాగుతుంది. కొత్త సదుపాయాలు ముందుగా చేరే లినస్ టోర్వాల్డ్స్ శాఖను మెయిన్‌లైన్ అనీ, విడుదలైన వెర్షన్‌కు బగ్ సవరణలను మాత్రమే అందించే శాఖను స్టేబుల్ అనీ అంటారు. ఈ రెండో పాయకు 2005లో 2.6.11 వెర్షన్‌తో గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్, క్రిస్ రైట్ శ్రీకారం చుట్టారు.

మెయిన్‌లైన్‌లో చేరని సవరణకు స్టేబుల్‌లో చోటు లేదు. లేకుంటే, తర్వాతి వెర్షన్‌కు మారినవారికి పాత బగ్ మళ్లీ ఎదురవుతుంది. వ్యవస్థ కుప్పకూలడం, స్తంభించిపోవడం, డేటా చెడిపోవడం, భద్రతకు నిజంగా ముప్పు వాటిల్లడం వంటివి అర్హమైన బగ్‌లు కాగా, వ్యాఖ్యలోని అక్షరదోషాన్ని దిద్దే ప్యాచ్, అంటే కోడ్‌లో చేసిన మార్పుల పత్రం, ఎంత నిర్దోషమైనదైనా అర్హం కాదు. విచిత్రమేమిటంటే, కొత్త పరికరాన్ని గుర్తుపట్టేందుకు దాని సంఖ్యను పట్టికలో చేర్చే ఒక్క పంక్తి బగ్ సవరణే కాకపోయినా చెల్లుతుంది.

అన్నింటిలోకీ పదునైన నియమం పరిమాణానిది: ప్యాచ్ చుట్టుపక్కల మారని పంక్తులతో కలిపి నూరు పంక్తులు దాటకూడదు. ఒకదానికొకటి దూరంగా పది చోట్ల ఒక్కో పంక్తి మార్చినా, తీసేసిన పంక్తి, చేర్చిన పంక్తి, పైన మూడు, కింద మూడు కలిసి చోటుకు ఎనిమిది చొప్పున ఎనభై అవుతాయి కనుక, ఈ లెక్క మార్పు పొడవుతో పాటు దాని చెదురుదనాన్ని కూడా కొలుస్తుంది. చూడగానే సరైనదని తేలాలన్న మరో షరతుకు ఇంతకన్నా నమ్మకమైన కాపలా దొరకడం కష్టం. అయితే 2018 జనవరిలో ప్రాసెసర్లలోని మెల్ట్‌డౌన్ లోపం బయటపడినప్పుడు, కెర్నెల్ మెమరీ పట్టికలనే విడదీసే భారీ మార్పులు పాత వెర్షన్లలోకి వెళ్లక తప్పలేదు.

సవరణ రాసినవారు స్టేబుల్‌కు పంపాలన్న గుర్తు పెట్టడం మరచిన సందర్భాల కోసం, సాషా లెవిన్ మెషిన్ లెర్నింగ్‌తో, అంటే గత ఉదాహరణల నుంచి పోలికలు నేర్చుకునే పద్ధతితో, తగిన ప్యాచ్‌లను ఏరే ఏర్పాటు చేశారు. మరుగున పడిన సవరణలను ఇది వెలికితీస్తుంది గానీ, ముందు వచ్చిన మరో మార్పుపై ఆధారపడిన సవరణను విడిగా తెచ్చి కొత్త బగ్‌కు దారితీసే ప్రమాదమూ ఉంది. అందుకే, ఫైళ్లను డిస్కుపై భద్రపరిచే ఎక్స్‌ఎఫ్‌ఎస్ విభాగం నిర్వాహకులు తమ కోడ్‌ను ఈ ఏరివేత నుంచి మినహాయించమని కోరారు. ఆ విభాగంలో పాత వెర్షన్‌కు వెళ్లే సవరణలు ముందుగా ఫైల్ సిస్టమ్ పరీక్షలు దాటాలి.