రాత బాబు

మన ఆంధ్రప్రదేశ్‌లో ‘వాలంటీర్’ అనగానే ఎదుటివాళ్లు అడిగేది ఒక్కటే: ‘గౌరవ వేతనం ఎంత?’ తప్పు వాళ్లది కాదు. 2019 ఆగస్టు 15న ప్రభుత్వం వాలంటీర్ల వ్యవస్థ పెట్టింది: ముప్పై అయిదేళ్లలోపు కుర్రాళ్లు, ఒక్కొక్కరికి 50 ఇళ్లు, నెలకు 5,000 రూపాయలు. 2024లో అది ఆగిపోయినా ఆ మాటకు అర్థం అలాగే మిగిలింది. అందుకే అరకు కొండల్లో స్వచ్ఛంద పనికి విశాఖలో రిటైరైనవాళ్లను వెతికేటప్పుడు ఆ మాట ఎత్తడం మానేశాను. ‘వారానికి ఒక రోజు కొండెక్కుతారా, భోజనం మాది’ అంటున్నాను. ఇలా అడిగితే వచ్చేవాళ్లు ఎక్కువ.

రప్పించడం తేలికే, తంటా అంతా తర్వాత. పెద్దవాళ్లు కనబడితే మన చేతులు ఊరుకోవు. కుర్చీ వేస్తాం, శాలువా కప్పుతాం, ‘రెండు మాటలు చెప్పండి’ అంటాం. (డిసెంబరు అరకులో నిజంగా పనికొచ్చే సన్మానం శాలువాయే, అది వేరే సంగతి.) మొదటి ఏడాది నేనూ అదే చేశాను. సంక్రాంతికల్లా సగం మంది జారుకున్నారు. ఎందుకని ఫోన్ చేస్తే ఒకాయన అన్నాడు: ‘మా ఇంట్లో కుర్చీ ఉంది నాయనా.’

అప్పటి నుంచి ఏ పదవి చేశారని అడగను. మోకాళ్లెలా ఉన్నాయి, ఘాట్‌లో కడుపులో తిప్పుతుందా, బీపీ మాత్ర ఏ వేళకు, ఇవే నా ప్రశ్నలు. బస్సు పడనివాళ్లకు కిరండూల్ ప్యాసింజర్. వానలు పడ్డాక ఏజెన్సీలో మలేరియా భయం, దోమతెర లేకుండా ఎవరినీ రాత్రి ఉంచను.

పదవి పోయినా చేతిపని పోదు. ఐఏఎస్ వదిలొచ్చిన ఈ.ఏ.ఎస్. శర్మ గారు విశాఖలో ఉండి ఏజెన్సీ బాక్సైట్ తవ్వకాల మీద ప్రభుత్వాలకు ఉత్తరాలు రాస్తూ వచ్చారు. ఫైలు చదవడం తెలిసిన మనిషి కదా. మా దగ్గరికొచ్చే గుమాస్తాలదీ అదే విద్య, చిన్న కొలతలో.

అలాంటి ఒక రెవెన్యూ బాబాయ్‌కి పోడు భూముల కాగితాలు అప్పజెప్పాను. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని కింద హక్కు రావాలంటే 2005 డిసెంబరు 13కి ముందు నుంచే సాగులో ఉన్నామని రుజువు కావాలి. కాగితం లేనివాడేం చేయాలి? 2008 నాటి నిబంధనలు దానికో దారి చూపాయి: ఊరి పెద్దలు చెప్పింది రాసుకుంటే అదీ సాక్ష్యమే.

ఆ సాక్ష్యం కోసమే ఒక ఊరికి వెళ్లాం. ఊరి పెద్దాయన, అక్కడ అందరూ నాయుడు అనే మనిషి, గట్టు మీద పనస మానుకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. మాట ఆదివాసీ ఒడియాలో, మనవరాలు తెలుగు చేస్తోంది. బాబాయ్ తాలూకాఫీసు గొంతుతో, ‘ఏ సంవత్సరమో చెప్పవోయ్!’ అన్నాడు. పెద్దాయన మౌనం. మనవరాలూ మౌనం. ఆ పూట ఒక్క అక్షరం పడలేదు.

నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడికి బుద్ధి చెప్పే నోరు మన భాష ఇవ్వదు. దిగి వస్తూ, ‘బాబాయ్ గారూ, ఆయన మీకన్నా పెద్దాయనేమో’ అని ఊరుకున్నాను. జవాబు లేదు.

మరుసటి వారం బాబాయ్ కుర్చీ వద్దని గట్టు మీదే చతికిలబడ్డాడు. ‘నాయుడు గారూ, ఈ చెట్టు మీకెప్పటి నుంచి తెలుసు?’ అన్నాడు. పెద్దాయన అరచెయ్యి తన నడుము దగ్గర పెట్టి చూపించాడు. రైలు దారికి కొండ పేల్చేటప్పుడు చెట్టు ఇంత ఉండేదట, వాళ్ల నాన్న పాతిందట. బైలదిల్లా ఇనుప రాయి విశాఖ ఓడరేవుకు దించడానికి వేసిన లైను అది, 1960ల నాటిది. బాబాయ్ కలం ఆపి నావైపు చూశాడు, మళ్లీ రాసుకుపోయాడు. మధ్యాహ్నం దాకా అలా చెట్టు తర్వాత చెట్టు.

మా రిజిస్టర్‌లో బాబాయ్ పేరుంది, రైలు ఛార్జీల గడి ఉంది. ఆ వేళంతా పోడు పని మానుకుని గట్లెక్కిన పెద్దాయనకు గడి లేదు. ఆయన్ని ‘స్వచ్ఛంద సేవకుడి’గా రాయాలని మాకెవరికీ తట్టలేదు. ఇప్పుడు రాశాం. కూలి పోయిన రోజుకు ఏం ఇవ్వాలన్న దగ్గర కమిటీలో ఇంకా వాదన నడుస్తోంది.

మొన్న సంతలో పెద్దాయన మనవరాలు నన్నాపి, ‘రాత బాబు ఎప్పుడొస్తాడని తాత అడుగుతున్నాడు’ అంది. ఫోన్ చేశాను. బాబాయ్ ముందు మోకాలి సంగతి చెప్పాడు. తర్వాత, ‘ఈసారి రెండు రోజులకు టికెట్ తీయండి, పైగట్టు ఇంకా చూడలేదు’ అన్నాడు.