పలక రాత, డిస్కు రాత: సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్‌లో భద్రత, వేగం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల ఇన్‌స్టలేషన్‌లో భద్రత ముఖ్యమా, వేగం ముఖ్యమా అన్న చర్చకు "పోయిన రాతను తిరిగి రాయగలమా?" అన్న ప్రశ్నే సరైన ప్రమాణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మార్కాపురం పలక, డెబియన్, డీపీకేజీ, ఎఫ్‌సింక్, క్షేత్రపరిశోధన.

1. ఉపోద్ఘాతం:
మార్కాపురం పేరు వినగానే గుర్తుకు వచ్చేది పలక. పలకమీద రాత చకచకా సాగుతుంది; తడిచెయ్యి తగిలితే చెరిగిపోతుంది. అయినా నష్టం లేదు, మళ్లీ దిద్దుకోవచ్చు. శాసనం అలా కాదు. కంప్యూటరులోనూ ఈ రెండు రకాల రాతలూ ఉన్నాయి.

2. డిస్కు రాత – స్వరూపం:
ప్రోగ్రాము రాసిన ఫైలు సాధారణంగా వెంటనే డిస్కును చేరదు. కొంతసేపు మెమరీలో ఉంటుంది. ఆలోగా కరెంటు పోతే ఆ రాత దక్కదు. 'ఎఫ్‌సింక్' అనే ఆదేశం, రాత డిస్కుకు చేరేవరకు ప్రోగ్రామును ఆపి ఉంచుతుంది. డెబియన్ లినక్స్‌లో ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ 2010లో ఈ జాగ్రత్తను చేపట్టింది. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో యంత్రం హఠాత్తుగా ఆగినప్పుడు ఖాళీ ఫైళ్లు మిగలడం ఇందుకు కారణం. దీనితో ఇన్‌స్టలేషన్ మందగించింది. అందుకు విరుగుడుగా 'ఫోర్స్ అన్‌సేఫ్ ఐఓ' అనే ఐచ్ఛిక సౌకర్యం వచ్చింది.

3. వివేచన:
పేరులో 'అన్‌సేఫ్' ఉన్నా, ఈ సౌకర్యంలో విచక్షణ ఉంది. ప్యాకేజీ నుంచి విప్పిన ఫైళ్ల విషయంలోనే ఇది జాగ్రత్తను సడలిస్తుంది. అవి పోతే ప్యాకేజీని మళ్లీ తెచ్చుకోవచ్చు. ఏ ప్యాకేజీ ఏ స్థితిలో ఉందో చెప్పే డీపీకేజీ సొంత పట్టికను మాత్రం భద్రంగానే రాస్తుంది. 'లిబ్ ఈట్‌మైడేటా' మార్గం వేరు. "నా డేటాను తినెయ్" అన్న పేరుకు తగ్గట్టే, అది తన కింద నడిచే ప్రోగ్రాము ఇచ్చే ఎఫ్‌సింక్ ఆదేశాలన్నింటినీ మింగేస్తుంది. వాడి పారేసే కంటెయినరులో అది సబబే. పదిమంది విద్యార్థులు ఆధారపడే ప్రయోగశాల కంప్యూటరులో మాత్రం దుస్సాహసం. కాబట్టి దోషం వేగానిది కాదు, పలకకూ శాసనానికీ తేడా చూడకపోవడానిది.

4. ముగింపు:
ఈ విచక్షణ మన పరిశోధనకూ అవసరం. ముద్రిత గ్రంథం స్కాన్ పోతే మళ్లీ తీసుకోవచ్చు. మార్కాపురం పలకల కార్మికుని వృత్తిపదాలు, గిద్దలూరు ప్రాంతపు వృద్ధురాలి పాట రికార్డు చేసిన ఫైలు పోతే, ఆ గొంతు మళ్లీ దొరకకపోవచ్చు. మొదటిది పలక రాత, రెండవది శాసనం. ఏది ఏదో నిర్ణయించవలసినది యంత్రం కాదు, పరిశోధకుడే.