మూడో వైరు

ఇంట్లో శ్రద్ధగా పాటలు వినేవాళ్ల దృష్టి ఎప్పుడో ఒకప్పుడు పవర్ కేబుల్ మీదికి పోతుంది. యాంప్లిఫయర్‌తో వచ్చిన నల్ల వైరు పక్కన పెట్టి, మంచి కేబులూ గట్టి ప్లగ్గూ కొని సొంతంగా కట్టుకోవాలనిపిస్తుంది. నాకు చాలా ఇష్టమైన పని ఇది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కనెక్టర్లు ఏరుకుంటూ తిరగడం కూడా అందులో భాగమే. అయితే కొత్తగా మొదలుపెట్టిన కుర్రాళ్లు నన్ను మొదట అడిగేది షీల్డ్ గురించే. ఎర్త్ గురించి ఎవరూ అడగరు. నాకు బెంగగా ఉండేది అక్కడే.

షీల్డ్ అంటే లోపలి వైర్లన్నిటినీ కలిపి కప్పిన అల్యూమినియం ఫాయిల్, లేదా సన్నటి రాగి పోగుల అల్లిక. ఛార్జర్లు, ఎల్ఈడీ డ్రైవర్లు పుట్టించే హై ఫ్రీక్వెన్సీ రొద పక్కనున్న సిగ్నల్ కేబుల్లోకి పాకకుండా అది అడ్డుకుంటుంది. అంతవరకు నిజమే. మన కరెంటు మాత్రం 50 హెర్ట్జ్. అది పుట్టించే అయస్కాంత క్షేత్రాన్ని చెప్పుకోదగ్గంత తగ్గించాలంటే రాగి రేకు దాదాపు 9 మిల్లీమీటర్ల మందం ఉండాలి. మిల్లీమీటరులో పదో వంతు లేని ఫాయిల్ దాన్నేం ఆపుతుంది? అక్కడ పనికొచ్చేది మెలిక. ఫేజ్‌లో వెళ్లే కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటూ ఎదురెదురు దిశల్లో ఉంటాయి కాబట్టి, ఆ రెండు వైర్లూ జడలా పెనవేసుకుంటే వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. మామూలు గుండ్రటి త్రీ-కోర్ కేబుల్లో ఆ మెలిక ముందే ఉంటుంది.

షీల్డ్‌ని నేను గోడ వైపు ప్లగ్‌లోనే ఎర్త్ పిన్నుకి కలుపుతాను. యాంప్లిఫయర్ వైపు కత్తిరించి, ఒక్క పోగూ బయటికి రాకుండా స్లీవ్ తొడుగుతాను. రెండు వైపులా కలపాలనేవాళ్లూ ఉన్నారు. రేడియో ఫ్రీక్వెన్సీల దగ్గర వాళ్ల వాదనకు బలముంది. రెండు కొసలూ గాల్లో వదిలేయడం మాత్రం ఒప్పుకోను. అప్పుడా షీల్డ్ రొదని ఆపదు, పైగా లోపల ఇన్సులేషన్ చెడి ఫేజ్ తగిలితే ఎంసీబీ పడకుండా మొత్తం షీల్డ్‌కి కరెంటు వస్తుంది. షీల్డ్‌నే ఎర్త్ వైరుగా వాడటం ఇంకా ప్రమాదం. లోపం వచ్చిన క్షణంలో పారే కరెంటుని ఫాయిల్, దాని పక్కనుండే సన్నటి డ్రెయిన్ వైరు మోయలేవు. ఎర్త్‌కి ఫేజ్ వైరుతో సమానమైన మందంలో, పచ్చ-పసుపు చారల సొంత వైరు ఉండాల్సిందే. ఇంటి యాంప్లిఫయర్‌కి 1.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ బాగా సరిపోతుంది.

త్రీ-పిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను పొడుగ్గా ఉంటుంది, అన్నిటికంటే ముందు తగిలి చివరగా విడిపోవడానికి. ప్లగ్ లోపల కూడా అదే వరస పాటించాలి: ఎర్త్ వైరుని మిగతా రెండిటికన్నా కాస్త పొడుగ్గా వదలాలి. ఎవరైనా కేబుల్‌ని లాగేసినా ఆఖరున ఊడేది అదే కావాలి. స్క్రూ కింద పెట్టే పోగులకి సోల్డర్ పట్టించకూడదు. ఒత్తిడికి సోల్డర్ మెల్లగా అణిగిపోయి, కొన్నాళ్లకు బిగువు సడలుతుంది. ఫెర్రూల్ అనే చిన్న లోహపు గొట్టం వేసి క్రింప్ చేయడమే సరైన పద్ధతి.

ఇక హమ్ సంగతి. స్పీకర్లలో వినిపించే గుయ్యిమనే శబ్దానికి చాలాసార్లు పవర్ కేబుల్‌తో సంబంధమే ఉండదు. యాంప్లిఫయర్ ఒక గోడ సాకెట్లో, కంప్యూటర్ ఇంకో గోడ సాకెట్లో ఉంటే రెండు ఎర్త్‌ల మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా వస్తుంది. వాటిని కలిపిన ఆర్‌సీఏ కేబుల్ తొడుగులో ఆ తేడా కరెంటై పారుతుంది. ఒక్కోసారి తప్పు పరికరంలోనే ఉంటుంది. సిగ్నల్ కేబుల్ షీల్డ్‌ని పెట్టెకి కాక లోపలి సర్క్యూట్ గ్రౌండ్‌కి కలిపితే రొద నేరుగా పాటలోకి చేరుతుందని నీల్ మన్సీ అనే ఇంజనీరు 1995లోనే ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్లో వివరించాడు. ముందు ఇన్‌పుట్ కేబుళ్లు పీకి వినండి. హమ్ పోతే అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చండి. అయినా తగ్గకపోతే సిగ్నల్ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి.

ఎర్త్ పిన్ను తీసేస్తే కూడా హమ్ పోతుంది, రెండు ఎర్త్‌ల మధ్య ఏర్పడ్డ లూప్ తెగుతుంది కనక. ఎన్నో ఇళ్లలో చేసే పని అదే. కానీ యాంప్లిఫయర్ లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ చెడిన రోజున దాని ఇనప పెట్టె మీద 230 వోల్టులుంటాయి. వాల్యూమ్ తిప్పబోయే పిల్లల చెయ్యి ఆ పెట్టెకే తగులుతుంది. నిశ్శబ్దం కోసం అంత వెల ఎవరూ కట్టకూడదు.

ఇంత శ్రద్ధగా కట్టిన ఎర్త్ వైరు చేరేది గోడ సాకెట్లోని ఆ మూడో రంధ్రంలోకే. పాత ఇళ్లలో కొన్నిచోట్ల దాని వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టించండి. బల్బు నిండుగా వెలగాలి; ఆర్‌సీసీబీ (లీకేజీ బ్రేకర్) ఉన్న ఇంట్లో ఆ బ్రేకర్ వెంటనే పడిపోవాలి. బల్బు మసకగా వెలిగితే ఎర్త్ బలహీనంగా ఉన్నట్టు. అపార్ట్‌మెంట్ అయితే ఎర్త్ పిట్ ఎక్కడుందో వాచ్‌మన్‌ని అడిగి చూసి రండి. మట్టి ఎండితే రెసిస్టెన్స్ పెరుగుతుంది. బొగ్గు, ఉప్పు వేసిన పాతకాలం గుంట అయితే ఏప్రిల్, మే నెలల్లో దానికి నీళ్లు పోయించాలి.