శేషపూరణము - కావ్యమునందును, చలనచిత్రమునందును

ఒక కర్త విడిచిపోయిన కృతిని మఱియొకడు పూరించుట మన వాఙ్మయమునకు క్రొత్త కాదు. నన్నయ అరణ్యపర్వమును నడుమ విడువగా, తిక్కన విరాటపర్వము మొదలుకొని 15 పర్వములను రచించి ఆ కొఱత నట్లే యుంచెను. 14వ శతాబ్దమున ఎఱ్ఱన దానిని తీర్చెను. ఆయన ఆ శేషమును సైతము రాజరాజనరేంద్రుని పేరనే నడిపి, నన్నయ శైలితో నారంభించి, క్రమముగా తిక్కన ఫణితికి చేరువయ్యెను. అయినను పర్వాంతమున పూరించినవాడు తానేయని పేరు చెప్పుకొనెను. పూర్వకర్త సంకల్పమునకు లోబడుట, తన చేతిని దాపకుండుట అను రెండును ఇందు గలవు. ఈ గీటురాతిపై చలనచిత్రములను పరీక్షింపవచ్చునా యని కొందఱు శంకింతురు. వచ్చుననియే మా తలంపు.

ముందుగా విదేశపు ఉదాహరణము. ముష్టియుద్ధాది విద్యలలో లోకప్రసిద్ధుడైన బ్రూస్ లీ 1972లో 'గేమ్ ఆఫ్ డెత్' అను చిత్రమును స్వీయదర్శకత్వమున కొంత తీసి, 'ఎంటర్ ది డ్రాగన్' కొఱకు దానిని నిలిపి, 1973 జులై 20న హాంగ్‌కాంగ్‌లో మరణించెను. అంతస్తు కొక వీరుని జయించుచు గోపురము నెక్కుట ఆయన యూహించిన కథ. 1978లో రాబర్ట్ క్లౌజ్ దర్శకత్వమున వెలువడిన చిత్రమున ఆ కథ మాఱినది. చనిపోయినట్లు నటించిన సినిమానటుని ప్రతీకారము దాని స్థానమున వచ్చినది. లీ స్వయముగా తీసిన పోరాటములలో రమారమి 11 నిమిషములు మాత్రమే అందు నిలిచినవి. తక్కినచోట్ల కిమ్ తై జాంగ్, యూఎన్ బియావ్ మున్నగువారు నల్లకళ్లద్దములతో, చీకటి మాటున ఆయన వేషము ధరించిరి. ఒకచోట అట్టముక్కపై నున్న లీ ముఖమును అద్దమున కతికించి పని గడపిరి! ఆయన నిజమైన అంత్యక్రియల దృశ్యములు సైతము కథాంగములైనవి. దీనిని మేము అనౌచిత్యమందుము. సంకల్పమును వదలి ముఖమును మాత్రము నిలుపుకొనుట పూరణము కానేరదు. అయినను ఆ 11 నిమిషములు వచ్చినపుడు అంతవఱకు చూచినదంతయు మఱపునకు వచ్చును. ఏలయన, అట్టి చిత్రమున నటుని దేహమే కావ్యపాఠము. నన్నయ ఘంటమును మఱియొకడు పట్టవచ్చును గాని లీ పిడికిలిని పట్టలేడు.

ఇక మన సీమకు వత్తము. ఓడరేవునకు, ఉక్కు కర్మాగారమునకు పేరొందిన మా విశాఖకు పడమట, మన్యమున చింతపల్లి కలదు. 1922 ఆగస్టు 22న శ్రీరామరాజు అచ్చటి ఠాణాపై దాడి చేసెను. ఆ పరిసరములందే కృష్ణ కథానాయకుడుగా 'అల్లూరి సీతారామరాజు' చిత్రీకరణము జరిగినది. పని ముగియకమునుపే దర్శకుడు వి. రామచంద్రరావు మరణించెను. పోరాటఘట్టములను కె.ఎస్.ఆర్. దాస్, తక్కిన శేషమును కృష్ణ నడపిరి. 1974 మే 1న చిత్రము విడుదలయ్యెను. ఇచ్చట నాయకుని దేహము మాఱలేదు. త్రిపురనేని మహారథి రచన మాఱలేదు. కనుక చేయి మాఱినను చూపఱకు అతుకు కనబడదు. ఇది ఎఱ్ఱన పద్ధతికి సన్నిహితము.

కాని ఒక మాట చెప్పక తప్పదు. దర్శకుడుగా రామచంద్రరావు పేరొక్కటియే నిలుపబడినది. మృతునిపై గౌరవమునకు, కృష్ణ ఔదార్యమునకు మేమును తల వంచుదుము. అయినను ఆ గౌరవమువలన విమర్శకునకు నష్టమే కలిగినది. మన్యపు పోరులలోని వేగము దాస్‌దని చిత్రము చెప్పదు. ఇట్టి చిత్రములలో దెబ్బ ఎచ్చట పడవలెనో, కెమెరా ఎచ్చట నిలువవలెనో నిర్ణయించుటయే సగము కవిత్వము. ఎఱ్ఱన నన్నయను గౌరవించుచునే తన పేరును చెప్పగలిగినపుడు, దర్శకుని పేరు క్రింద పూరకుల పేర్లు చేర్చుటకు అడ్డమేమి?

కథానాయికయే గతించిన సందర్భము మనకును లేకపోలేదు. బాలకృష్ణ దర్శకత్వమున 2004లో ప్రారంభమైన 'నర్తనశాల'లో సౌందర్య ద్రౌపది. ఆ ఏప్రిల్ 17న ఆమె విమానప్రమాదమున మరణింపగా చిత్రము నిలిచిపోయెను. 2020లో వెలువడినది తీసియున్న రమారమి 17 నిమిషములు మాత్రమే. భీముడైన శ్రీహరియు అప్పటికి లేడు. ఖండమును ఖండముగనే చూపిరి; ఆమె ముఖమును మఱియొక దేహమున కతికింపలేదు.