పల్లి చెల్కకు పెంట బండి

జగిత్యాల నుంచి సారంగాపూర్ వైపు పోతే వానాకాలమంతా వరి పొలాలే. యాసంగిలో ఎర్రటి చెల్కల్లో అక్కడక్కడ పల్లి వేస్తారు. దుక్కి ముందు పెంట తోలించాలా, డీఏపీ బస్తాలతో సరిపెట్టాలా అన్న లెక్క అప్పుడే మొదలవుతుంది.

బస్తా లెక్కలో పెంట తేలిపోతుంది. ఎకరానికి నాలుగైదు టన్నుల పశువుల ఎరువు వేయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. అందులో నత్రజని దాదాపు అర శాతం. ఐదు టన్నులు తోలితే 25 కిలోలు, అంటే ఒక యూరియా బస్తా కన్నా కాస్త ఎక్కువ. అదీ మొదటి పంటకే మొత్తం అందదు. ట్రాక్టర్ కిరాయి, ఎత్తిపోసే కూలి కలుపుకుంటే ఎవరికైనా ఎందుకీ తిప్పలు అనిపిస్తుంది.

అయితే పల్లికి నత్రజని లెక్క కట్టడంలోనే తిరకాసు ఉంది. వేరు బుడిపెల్లోని రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. పల్లి అడిగేది గుల్ల నేల. పువ్వు పైన పూస్తుంది, కాయ మట్టిలో కాస్తుంది. పూత అయ్యాక సన్నటి ఊడ కిందికి సాగి, మట్టిలోకి దిగి, రెండు మూడు అంగుళాల లోతున మొన ఉబ్బి కాయవుతుంది. చెల్క నేల తడిసి ఆరితే పైన పెచ్చు కడుతుంది. ఆ పెచ్చును చీల్చలేని ఊడ అక్కడే ఎండిపోతుంది. ఏటా పెంట పడ్డ చెల్కలో చెట్టు పీకితే గుత్తి మొత్తం మట్టి రాల్చుకుంటూ పైకి వస్తుంది. గట్టి నేలలో కాడ చేతికొస్తుంది, కాయ లోపలే తెగి ఉండిపోతుంది. దాన్ని తవ్వి ఏరే కూలి ఖర్చు ఏ బస్తా లెక్కలోనూ కనిపించదు.

కాయ గట్టిపడటానికి కాల్షియం కావాలి. దాన్ని కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా పీల్చుకుంటుంది. అందుకు తేమ ఉండాలి, ఆ తేమను పట్టి ఉంచేది పెంట. అలాగని జిప్సం మానకూడదు. ఊడలు దిగే వేళ ఎకరానికి 200 కిలోలు వేయాల్సిందే. కాయ ఊరే దశలో నేల ఎండితే పల్లిలో అఫ్లాటాక్సిన్ విషం చేరే ముప్పు పెరుగుతుంది. పశువుల ఎరువు, సున్నం వేసిన చేన్లలో అది తగ్గుతుందని పటాన్‌చెరు ఇక్రిశాట్ పరిశోధనల్లో తేలింది. తినే గింజ విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

పచ్చి పెండ మాత్రం పల్లికి శత్రువే. వేరుపురుగుకు, చెదలకు అది నెలవు, పైగా గడ్డి విత్తనాలను మోసుకొస్తుంది. బాగా మాగిన పెంట పిడికిట్లో పొడిపొడిగా రాలాలి. చేతికి అంటకూడదు, పెండ వాసన రాకూడదు.

ట్రాక్టర్లు వచ్చాక కొట్టంలో ఎడ్లు తగ్గాయి, పెంటకుప్పలూ తగ్గాయి. ఇప్పుడున్న మంచి దారి గొర్ల మంద. 2017 జూన్‌లో మొదలైన పంపిణీ పథకంలో గొల్లకుర్మలకు 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు. గొర్రె ఎరువులో పశువుల పెంట కన్నా నత్రజని ఎక్కువ. మందను రాత్రిపూట చెల్కలో పెట్టిస్తే మూత్రం కూడా నేలకే దక్కుతుంది, కిరాయి ట్రాక్టర్ అక్కర్లేదు. మంద లేచిన వెంటనే దున్ని మట్టిలో కలిపేయాలి. ఎండకు వదిలేస్తే అందులోని నత్రజని చాలావరకు గాలిలో కలిసిపోతుంది.