ఒకే ప్రొటీన్‌, రెండు కొలువులు

రొట్టెను పొంగించే ఈస్ట్‌కు మన కణాల్లో చాలావాటికి లేని వెసులుబాటు ఒకటుంది. మైటోకాండ్రియాలో శ్వాసక్రియ ఆగిపోయినా అది చావదు. గ్లూకోజ్‌ దొరికినంత కాలం దాన్ని పులియబెట్టుకుంటూ బతికేస్తుంది. కాకపోతే ఎదుగుదల తగ్గి, చిన్న కాలనీ కడుతుంది. 1949లో పారిస్‌లో బోరిస్‌ ఎఫ్రుసీ బృందం వర్ణించిన ఈ 'పెటీట్‌' కాలనీలే మైటోకాండ్రియా జన్యుశాస్త్రానికి పునాది. వాటిలో చాలావరకు మైటోకాండ్రియా సొంత డీఎన్‌ఏ చెడిపోయో, పూర్తిగా పోయో పుట్టినవని తర్వాత తేలింది.

వీటిని పట్టుకోవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. గ్లూకోజ్‌ ప్లేటు మీద పెరిగిన కాలనీలను మఖమల్‌ గుడ్డకు అద్ది, అదే వరుసలో గ్లిజరాల్‌ ప్లేటు మీదికి దించుతారు. గ్లిజరాల్‌ను ఈస్ట్‌ పులియబెట్టలేదు, శ్వాసక్రియతోనే వాడుకోవాలి. కాబట్టి పెటీట్‌లు ఉండాల్సిన చోట్ల ప్లేటు ఖాళీగా కనిపిస్తుంది. ఏడీఈ2 జన్యువు లోపించిన ఈస్ట్‌ రకాలనైతే కంటితోనే గుర్తుపట్టవచ్చు. శ్వాసించే కాలనీ ఎర్రబడుతుంది, పెటీట్‌ తెల్లగానే ఉండిపోతుంది.

ఈ పాత పద్ధతుల సత్తా ఐఎల్‌వీ5 అనే జన్యువు కథలో తెలుస్తుంది. మైటోకాండ్రియా డీఎన్‌ఏను పొందికగా చుట్టి ఉంచే ప్రొటీన్‌ ఏబీఎఫ్‌2. అది లేని ఈస్ట్‌ గ్లూకోజ్‌లో పెరిగేటప్పుడు ఆ డీఎన్‌ఏను నిలుపుకోలేదు. ఏ జన్యువు నకళ్లు పెంచితే ఈ లోపం తీరుతుందో డల్లాస్‌లో రొనాల్డ్‌ బ్యూటో బృందం వెతికింది. 1995లో ప్రచురించిన జవాబు ఎవరూ ఊహించనిది. ఆ జవాబే ఐఎల్‌వీ5, అప్పటికే తెలిసిన ఎంజైమ్‌ జన్యువు. ఐసోల్యూసిన్‌, వాలిన్‌ వంటి అమైనో ఆమ్లాల తయారీలో ఒక మెట్టు దానిది. దాని నకళ్లు రెండు మూడు రెట్లు పెరిగితే చాలు, డీఎన్‌ఏ నిలబడింది. దాన్ని తీసేస్తే, ఏబీఎఫ్‌2 ఉన్నా పెటీట్‌లు పుట్టుకొచ్చాయి.

అమైనో ఆమ్లాల కొరతే డీఎన్‌ఏను దెబ్బతీసిందేమో? ఈ అనుమానం న్యాయమైనదే. అందుకే అదే తయారీ వరుసలోని మరో ఎంజైమ్‌ జన్యువు ఐఎల్‌వీ2ను తీసేసి చూశారు. డీఎన్‌ఏకు ఏమీ కాలేదు. అంటే ఐఎల్‌వీ5 ప్రొటీన్‌కు డీఎన్‌ఏతో వేరే సంబంధం ఉందన్నమాట.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ తర్వాతి అడుగు. జన్యువును మొత్తంగా తీసేస్తే రెండు పనులూ ఒకేసారి పోతాయి, ఏది ఎక్కడ జరుగుతోందో తెలియదు. అందుకని 2002లో ప్రచురించిన పనిలో ఐఎల్‌వీ5 ఉత్పరివర్తనాలను రెండు రకాలుగా ఏరారు. ఒక రకం అమైనో ఆమ్లాలు తయారుచేసుకుంటుంది గానీ డీఎన్‌ఏను కాపాడలేదు. రెండోది దీనికి తలకిందులు. ఈ మార్పుల చోట్లను పాలకూరలోని ఇదే ఎంజైమ్‌ త్రిమితీయ నిర్మాణం మీద గుర్తిస్తే తేడా స్పష్టమైంది. ఎంజైమ్‌ పనిని చెడగొట్టేవి లోపలి గర్భంలో, రసాయన చర్య జరిగే చోట ఉన్నాయి. డీఎన్‌ఏ పనిని చెడగొట్టేవి ప్రొటీన్‌ పైభాగంలో ఉన్నాయి. రెండు పనులు, రెండు చోట్లు. ఇంత సూక్ష్మమైన విభజన జీవకణంలోనే చేసి చూపడం ఈస్ట్‌ జన్యుశాస్త్రం గొప్పతనం.

2005లో అదే బృందం సిట్రిక్‌ ఆమ్ల వలయంలోని అకోనిటేజ్‌కూ ఇలాంటి రెండో పని ఉందని చూపింది. ఎంజైమ్‌గా పనికిరాకుండా మార్చిన అకోనిటేజ్‌ కూడా డీఎన్‌ఏను కాపాడింది.

ఐఎల్‌వీ5 మనిషిలో లేదు, ఆ అమైనో ఆమ్లాలు మనకు తిండి నుంచే రావాలి. అకోనిటేజ్‌ మాత్రం మనలోనూ ఉంది. దాని జన్యువు ఏసీఓ2లో దోషాలుంటే పసివయసులోనే చిన్నమెదడు, రెటీనా దెబ్బతినవచ్చు. అలాంటి జబ్బులను పరిశోధించేవారు ఎంజైమ్‌ పనితనం కొలవడంతోనే ఆగిపోకుండా, కణంలో మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఎంత మిగిలిందో కూడా చూడాలి.