రసవిఘ్నమూ అభిమానమూ: 'డార్క్ షాడోస్' ధారావాహిక - ఒక పరిశీలన

భయం స్థాయీభావమైన చోట నిష్పన్నమయ్యే రసం భయానకమని ఆలంకారికులు చెప్పారు. అయితే ఒకే దృశ్యాన్ని పదోసారి చూస్తున్న ప్రేక్షకునిలో భయం మిగులుతుందా? మిగలకపోతే, దశాబ్దాల తరబడి అతణ్ని ఆ దృశ్యం ముందు కూర్చోబెడుతున్నది ఏది? అమెరికా టెలివిజన్ ధారావాహిక 'డార్క్ షాడోస్' అభిమానుల చరిత్ర ఈ ప్రశ్నను సూటిగా ముందుకు తెస్తుంది.

డాన్ కర్టిస్ రూపొందించిన ఈ ధారావాహిక 1966 జూన్ 27న ఏబీసీలో మొదలై 1971 ఏప్రిల్ 2న ముగిసింది. మొత్తం 1225 భాగాలు. వారానికి ఐదు రోజులు, పగటిపూట, అరగంటసేపు. మెయిన్ రాష్ట్రంలో కాలిన్స్‌పోర్ట్ అనే కల్పిత పట్టణం, అక్కడ కాలిన్స్ వంశీయుల పాత భవనం, ఆ ఇంటి పిల్లవాడికి చదువు చెప్పడానికి వచ్చిన విక్టోరియా వింటర్స్ - ఇదీ ఆరంభం. తొలి నెలల్లో ఆదరణ అంతంత మాత్రమే. 1967 ఏప్రిల్‌లో నగల ఆశతో విల్లీ లూమిస్ ఒక శవపేటికను తెరిచాడు. అందులోంచి బార్నబస్ కాలిన్స్ అనే రక్తపిశాచి లేచాడు. కొద్దికాలానికే ఉద్దేశించిన ఈ పాత్ర జోనథన్ ఫ్రిడ్ నటనతో ధారావాహికకే కేంద్రమైంది. బడి విడవగానే ఇంటికి పరుగెత్తిన పిల్లలు దాని తొలితరం అభిమానుల్లో పెద్ద భాగం.

ఆ పరుగుకు భయం ఒక్కటే కారణమనడం తేలిక. కథ ఆ మాటను నిలవనివ్వదు. బార్నబస్ మొదట నిష్కారణ క్రూరుడు. మ్యాగీ ఎవాన్స్‌ను బంధించి, ఏనాడో చనిపోయిన తన ప్రేయసి జోసెట్‌గా మార్చజూస్తాడు. 1967 నవంబరులో కథ 1795కు వెనుదిరుగుతుంది. ఆంజెలిక్ అనే మంత్రగత్తె పెట్టిన శాపం, జోసెట్ మరణం అప్పుడు ప్రేక్షకుని కళ్లముందు జరుగుతాయి. ఫలం ముందు, కారణం తరువాత. ఆలంబనం అదే పాత్ర. స్థాయి మాత్రం భయం నుంచి శోకానికి జరిగింది. మన పురాణకథల్లో శాపం వెంటే విమోచనమార్గమూ చెప్పడం పరిపాటి. బార్నబస్‌కు విమోచనం ఒకసారి దొరికినట్టే దొరికి చేజారుతుంది. తిరిగి చూసేవాడు భయపడడానికి రాడు. ఆ చేజారడాన్ని మళ్లీ చూడడానికి వస్తాడు.

ఇంతకన్న చిక్కైన విషయం మరొకటి ఉంది. నాటి వీడియోటేపును కత్తిరించి అతకడం ఖర్చుతో కూడిన పని కనుక, ప్రత్యక్ష నాటకంలాగే ఏకబిగిన చిత్రించేవారు. నటులు సంభాషణలు మరిచేవారు, మైకు చట్రంలోకి దిగేది, గోడలు కదిలేవి. రసాస్వాదానికి అభినవగుప్తుడు ఏడు విఘ్నాలు చెప్పాడు. వాటిలో మొదటిది సంభావనావిరహం, అంటే జరుగుతున్నది నమ్మశక్యం కాకపోవడం. ఆ లెక్కన మైకు కనిపించిన క్షణంలోనే రసం భగ్నం కావాలి. కాని అభిమానులు ఆ తప్పులనే ఏరి, దాచుకుని, ముచ్చటగా చెప్పుకుంటారు. సురభి వారి 'మాయాబజార్'లో తీగ కనిపించినా ప్రేక్షకుడు లేచిపోడు నిజమే. అక్కడ అతడు మెచ్చేది కనికట్టులోని నేర్పును. ఇక్కడ మెచ్చుతున్నది నేర్పు తప్పిన చోటును. సంభాషణ మరిచిన ఫ్రిడ్ కళ్లలోని తత్తరపాటు, శాపగ్రస్తుడైన బార్నబస్ తత్తరపాటుగానే అందుతుంది. విఘ్నం విభావంగా మారిందనడం సాహసమే అయినా, అంతకన్న దగ్గరి మాట దొరకదు.

ఇదంతా బాల్యస్మృతి అని కొట్టివేయవచ్చు. అయితే 1971 తరువాత పుట్టినవారూ పునఃప్రసారాల ద్వారా, 1989 నుంచి వీడియో క్యాసెట్ల ద్వారా అభిమానులయ్యారు. పైగా ఈ ప్రేమ గుడ్డిది కాదు: 1969 చివర మొదలైన లెవయథన్ కథను గట్టిగా తప్పుపట్టేవారిలో అభిమానులే ముందుంటారు. 2012లో టిమ్ బర్టన్ తీసిన చిత్రం వారిలో చాలామందికి రుచించలేదు. బర్టన్, కథానాయకుడు జానీ డెప్ ఇద్దరూ చిన్ననాటి అభిమానులే; ఫ్రిడ్ కూడా అందులో క్షణకాలం కనిపిస్తాడు. అయినా చిత్రం బార్నబస్‌ను హాస్యానికి ఆలంబనం చేసింది. తప్పును చూసి తాము నవ్వుకోవడం వేరు, పాత్రను నవ్వులపాలు చేయడం వేరు అన్న వివేకం అభిమానిది. ఈ విషయంలో అతని తీర్పు దర్శకుని తీర్పుకన్న నిశితమైనది.

కావ్యానుశీలనాభ్యాసంతో మనస్సు అద్దంలా నిర్మలమైనవాడే సహృదయుడని లోచనకారుని నిర్వచనం. అందులో 'అభ్యాసం' అన్న మాటను విమర్శకులు చదువుకే పరిమితం చేస్తూ వచ్చారు. 'డార్క్ షాడోస్' అభ్యాసానికి మరో రూపం ఉంది. నాటి పగటి ధారావాహికల టేపులు చాలావరకు చెరిపివేతకు గురైన కాలంలో దీని భాగాలు ఒక్కటి తప్ప అన్నీ నిలిచాయి. పోయినది 1219 సంఖ్యగల భాగం. ఇళ్లలో వీడియో రికార్డర్లు లేని ఆ రోజుల్లో ఒక వీక్షకుడు టెలివిజన్ ముందు టేప్‌రికార్డరు పెట్టి ఆ భాగం ధ్వనిని ఎక్కించుకున్నాడు. తరువాత వీడియోగా విడుదల చేసినప్పుడు, నిశ్చల చిత్రాలకు ఆ ధ్వనిని జతచేసి 1219వ భాగాన్ని తిరిగి కూర్చారు.